అమ్మను ఏ సెంటర్‌లో చేర్చాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి జబ్బులతో జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే స్థితి, ఉన్న అమ్మానాన్నలను కేర్ సెంటర్‌లో చేర్చాలా, చేర్చితే ఎలాంటి చోటు చూసుకోవాలి అన్నది ఈరోజు మన విషయం. వృద్ధుల మానసిక వైద్య నిపుణురాలు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తణుకు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ డాక్టర్ గారూ. మా అమ్మగారికి డెబ్బై ఆరేళ్ళండీ. టీచరుగా చేసి రిటైరయ్యారు. అల్జీమర్స్ అని చెప్పి నాలుగేళ్ళయింది. రాత్రిళ్ళు అసలు నిద్రపోవట్లేదు. గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోతున్నారు. అన్నయ్య అమెరికాలో ఉంటాడు. హైదరాబాద్‌లో ఏదో పెద్ద సెంటర్ ఫోటోలు పంపించి, అక్కడ చేర్చేద్దాం అంటున్నాడు. చుట్టాలేమో కన్నతల్లిని ఆశ్రమంలో పడేస్తారా అని నన్నంటున్నారు. ఏం చెయ్యాలో పాలుపోవట్లేదండీ.

డాక్టర్: ముందు మీ సంగతి చెప్పండి. మీకు నిద్ర ఉంటోందా?

కాలర్: ఎక్కడండీ. ఈమధ్య బీపీ కూడా వచ్చింది.

డాక్టర్: అలా అనే చుట్టాలను వారానికో రాత్రి వచ్చి అమ్మ పక్కన పడుకోమనండి. కోపంతో అనట్లేదు, నిజంగానే అడగండి. రాత్రీపగలూ ఒక్క మనిషి చూసుకోగలిగే జబ్బు కాదిది. చూసుకునేవాళ్ళు మంచాన పడితే ఇద్దరు రోగులవుతారు. అమ్మను చేర్చడం అంటే వదిలేయడం కాదు తల్లీ. వెళ్ళి చూడకపోతే, అప్పుడది వదిలేయడం.

కాలర్: (కాసేపు ఆగి) అవునండీ.

డాక్టర్: ఇక ఫోటోల సంగతి. ఫోటోలో మార్బుల్ గచ్చు, లాన్ కనపడతాయి. సాయంత్రం ఆరింటికి అక్కడేం జరుగుతుందో కనపడదు. పొద్దు వాలేసరికి ఈ జబ్బున్న చాలామందికి గాభరా పెరుగుతుంది. ‘మా ఇంటికి పోతా’ అని లేస్తారు. మీ అమ్మగారు కూడా అంటారా?

కాలర్: రోజూనండీ. ఉన్నది సొంతింట్లోనే.

డాక్టర్: కదా. అందుకే మొదటిసారి వాళ్ళు రమ్మన్న టైముకు వెళ్ళినా, రెండోసారి మాత్రం చెప్పకుండా, సాయంత్రం అయిదుకీ ఏడుకీ మధ్య వెళ్ళండి. ఎవరో ఒక పెద్దావిడ తలుపు దగ్గరికొచ్చి బస్సుకు టైమైందంటుంది. ఆయా ఏం చేస్తుందో చూడండి. ‘బస్సూ లేదు గిస్సూ లేదు, కూర్చో’ అని రెక్క పట్టుకుందా? ‘పదండమ్మా, నేనూ అటే’ అని చెయ్యి పట్టుకుని వరండాలో నాలుగు అడుగులు నడిపించి, నెమ్మదిగా మాట మళ్ళించిందా? ఆ రెండు నిమిషాలు చూస్తే ఆ సెంటర్ ఏంటో మీకు తెలిసిపోతుంది. అప్పటికీ చూడనివ్వకపోతే, ఆ చోటు మీకొద్దు.

కాలర్: ఇంకేం చూడాలండీ?

డాక్టర్: అక్కడున్న పెద్దవాళ్ళ గోళ్ళు చూడండి, పెదాలు చూడండి. పెదాలు ఎండి పగిలి ఉన్నాయంటే, అడిగి మరీ నీళ్ళు తాగించే మనిషి అక్కడ లేనట్టే. దాహం వేసిందని వీళ్ళంతట వీళ్ళు చెప్పలేరు. అన్నం కూర్చోబెట్టి తినిపిస్తున్నారా, పడుకోబెట్టి నోట్లో కుక్కుతున్నారా చూడండి. జబ్బు ముదిరేకొద్దీ మింగడం కష్టమవుతుంది. ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

తర్వాత, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అడగండి. పగటి లెక్క అందరూ గొప్పగానే చెబుతారు. మీ అమ్మగారు తిరిగేది రాత్రిపూట కదా. అప్పుడు ఒక్క ఆయా పదిహేను మందిని చూస్తోందంటే, ఆవిడెంత మంచిదైనా మిగిలే దారులు రెండే, మంచానికి కట్టేయడం లేదా మత్తు బిళ్ళ వేయడం. సైకోసిస్‌కు, అంటే లేనివి ఉన్నట్టు కనపడి, వినపడే మానసిక జబ్బుకు, వాడే మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. ఒక్కోసారి వేయక తప్పదు, నేనూ రాస్తాను. కానీ ఏ డాక్టర్ రాశారు, ఎన్నాళ్ళకు రాశారు, మీతో చెప్పే మొదలుపెడతారా అన్నది ముందే తేల్చుకోండి.

కాలర్: అన్నయ్య చెప్పిన చోట చూసుకునేవాళ్ళంతా వేరే రాష్ట్రాల వాళ్ళేనటండీ.

డాక్టర్: మనుషులు మంచివాళ్ళే అయ్యుంటారు. కానీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోతాయి, చిన్ననాటి భాష చివరిదాకా ఉంటుంది. కడుపు నొప్పి అని అమ్మ తెలుగులో అంటే అర్థమయ్యేవాళ్ళు ప్రతి షిఫ్టులో ఒక్కరైనా ఉండాలి. నన్నడిగితే, హైదరాబాద్‌లో పెద్ద బిల్డింగ్ కంటే మీరు వారానికి రెండుసార్లు వెళ్ళగలిగేంత దగ్గరలో చిన్న చోటు మేలు. రాజమండ్రి, విజయవాడ వైపు కూడా వెతకండి. అన్నయ్యకు నేను చెప్పానని చెప్పండి.

యాంకర్: తర్వాత కాల్ కరీంనగర్ నుంచి.

కాలర్: నమస్తే మేడం. మా నాయినకు డెబ్బై దాటినయి. ఇరవై రోజుల సంది మనుషుల్ని గుర్తువడ్తలేడు. అప్పటిదాంక మంచిగనే పొలం కాడికి పోయి వస్తుండె. డిమెన్షియా అంటున్రు, హోముల వేద్దామంటున్రు.

డాక్టర్: హోము మాట తర్వాత బాబూ. ఈమధ్య ఎక్కడన్నా పడ్డారా?

కాలర్: నెల కింద బాత్రూంల జారిండు. దెబ్బయితే ఏం తాకలే.

డాక్టర్: ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తలకు సీటీ స్కాన్ చేయించండి. పైకి దెబ్బ లేకున్నా, పెద్దవయసులో పుర్రె లోపల రక్తం కొద్దికొద్దిగా చేరుతుంది. ఆపరేషన్‌తో బాగయ్యే అవకాశం ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం, థైరాయిడ్, బీ12 కూడా చూడమనండి. డిమెన్షియా ఇట్లా రోజుల్లో ఊడిపడదు. ఫోన్ పెట్టేసి బయల్దేరండి.

యాంకర్: వృద్ధుల కోసం 14567 నంబర్‌తో ఎల్డర్‌లైన్ హెల్ప్‌లైన్ ఉంది, రాసుకోండి. ఇప్పుడు విశాఖ నుంచి ఒక సోదరుడు.

కాలర్: మేడమ్, నాన్నగారికి ఇప్పుడిప్పుడే మొదలైందన్నారు. బాగానే మాట్లాడతారు. తర్వాత ఎక్కడ ఉండాలో ఇప్పుడే ఆయన్ని అడగొచ్చా? బాధపడతారేమోనని.

డాక్టర్: ఇప్పుడే అడగాలి. ఆయన చెప్పగలిగే రోజులివి. రెండు మూడు చోట్లకు ఆయన్నే తీసుకెళ్ళండి. బ్యాంకు నామినీలు, వీలునామా కూడా ఇప్పుడే చూసుకోండి. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ ఉందిలే అనుకోకండి, మతిస్థిమితం తప్పితే అది చెల్లదు, లాయరును కలవండి. నాన్నగారు దగ్గరలో ఉన్నారా?

కాలర్: పక్కనే వింటున్నారండీ. ఇస్తున్నా.

పెద్దాయన: నమస్కారమమ్మా. ఒక్కటే ప్రశ్న. నేను నాలుగింటికే లేచి కాఫీ తాగుతాను. అక్కడ కుదురుతుందా?

డాక్టర్: వెళ్ళిన ప్రతిచోటా ముందు అదే అడగండి బాబాయ్ గారూ. ‘ఇక్కడ అందరికీ ఆరింటికే’ అంటే ఇంకో చోటుకు వెళ్ళండి. ‘ఫిల్టర్ కాఫీయా, ఇన్‌స్టంటా’ అని తిరిగి అడిగారనుకోండి, కూర్చుని మిగతావి మాట్లాడండి. మీ అలవాట్లన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద మీ చేత్తో రాసి అబ్బాయికివ్వండి. లేచే వేళ, కాఫీలో చక్కెర ఎంత, ఏ పాటలిష్టం, ఎవరు పలకరిస్తే విసుగు, అన్నీ.

పెద్దాయన: విసుగు తెప్పించేవాళ్ళ జాబితా పెద్దదేనమ్మా.

డాక్టర్: అయినా రాయండి.