ఒకే బిళ్ల, ఇంట్లో నలుగురు: నొప్పి మందు ఎవరికి పడదు?

(డైనింగ్ టేబుల్. మధ్యలో పాత బిస్కెట్ల రేకు డబ్బా. మూత తీస్తే నిండా మందులు.)

నమస్తే అండీ. ఇది మా అత్తయ్యగారి మందుల డబ్బా. ఒకప్పుడు బిస్కెట్లు ఉండేవి, ఇప్పుడు మా ఇంటి మెడికల్ షాపు ఇదే. ఆవిడ పర్మిషన్ తీసుకునే షూట్ చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా. నేను చదివింది ఫార్మసీ. రోజూ ఆస్పత్రిలో రోగుల మందుల చీటీలు చూసి, ఏ మందు ఎవరికి పడదో డాక్టర్లకు గుర్తుచేయడం నా పని. అయినా మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నన్ను అడగరు. ఈ డబ్బా మూత తీస్తారు.

(చేతిలో ఒక స్ట్రిప్పు. కెమెరా దగ్గరికి.)

పైనే దొరికింది. డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు. పదిలో నాలుగు మిగిలాయి. పోయినేడాది అత్తయ్యకు నడుం పట్టేస్తే డాక్టర్ గారు ఐదు రోజులకు రాశారు. మూడు రోజులకే తగ్గింది. మిగిలినవి డబ్బాలో పడ్డాయి. ఇక అక్కడి నుంచి మొదలు: "నాకు బాగా పనిచేసిందండీ, మీరూ ఒకటి వేసుకోండి." ఈ మాట మామయ్యగారి మోకాళ్లకు, మా ఆయన జ్వరానికి, ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చిన మా ఆడపడుచు నడుం నొప్పికి, అందరికీ వర్తించింది. ఏడాది దాటిన పాపకు మాత్రం ఇవ్వలేదు. ఎందుకంటే ఆ పిల్ల బిళ్ల మింగదు. అంతకు మించి కారణమేమీ లేదు.

స్ట్రిప్పు వెనక్కి తిప్పుదాం.

(స్ట్రిప్పు వెనక వైపు. చిన్న అక్షరాలు. కింద వేలితో చూపిస్తూ.)

మూలన ఆర్ఎక్స్ అన్న గుర్తు ఉంది చూడండి. పక్కన నిలువుగా ఎర్ర గీత. కింద హెచ్చరిక: ఇది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మన దేశంలో 1940 నాటి మందుల చట్టం, 1945 నాటి రూల్స్ మందుల్ని ఇలా వరుసల్లో పెట్టాయి. హెచ్ అంటే చీటీ ఉండాలి. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1లో కొన్ని పెద్ద యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అల్ప్రజోలం లాంటి నిద్ర మందులు ఉన్నాయి. వీటికి చీటీ ఒక్కటే చాలదు. షాపువాళ్లు డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఎక్స్ అంటే ఇంకా గట్టి కాపలా. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే కెటమిన్ లాంటివి అందులో వస్తాయి, చీటీ రెండు కాపీలు కావాలి. ఇటు చివర పారాసెటమాల్ బిళ్ల ఉంది. వెయ్యి లోపు జనాభా ఉన్న పల్లెలో కిరాణా కొట్టులో కూడా అమ్ముకోవచ్చని రూల్స్‌లోనే సడలింపు ఉంది.

ఈ వరుసలన్నీ అమ్మేవాడి కోసం. ఈ బిళ్ల ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో వీటిలో ఉండదు. దానికి వేరే వరుస ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే ఏటీసీ కోడ్‌లో ప్రతి మందుకూ ఒక చిరునామా ఉంటుంది. ఏ అవయవం మీద పనిచేస్తుంది, ఏ పనికి వాడతాం, ఏ రసాయన కుటుంబం, అన్నీ అందులో తెలుస్తాయి. తమాషా ఏమిటంటే ఆస్పిరిన్‌కు ఒకటి కంటే ఎక్కువ చిరునామాలు ఉన్నాయి. నొప్పికి వాడితే ఒకటి, గుండె జబ్బులో రక్తం గడ్డకట్టకుండా చిన్న డోసులో వాడితే ఇంకొకటి. అదే మందు, వాడకం మారితే ఇల్లు మారుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

కుటుంబం తెలిస్తే లాభమేమిటి? రోగి "డైక్లోఫెనాక్ వేస్తే కడుపులో మంట" అంటాడు. సరే అని ఎసిక్లోఫెనాక్ ఇస్తారు. పేరు మారింది, రంగు మారింది, రేటు కూడా కాస్త పెరిగింది. కానీ ఇద్దరూ దగ్గరి చుట్టాలే. పైగా ఎసిక్లోఫెనాక్‌లో కొంత భాగం ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, ఇవన్నీ ఆ వంశమే. బయట రాసి ఉన్న కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదవమని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

(మామయ్యగారి ఫొటో కాదు. ఖాళీ పడక్కుర్చీ, పక్కన కళ్లజోడు.)

ఇప్పుడు మామయ్యగారు. 68 ఏళ్లు. బీపీకి రోజూ ఉదయం ఒక బిళ్ల. చూడ్డానికి ఒక్కటే, లోపల రెండు మందులు: టెల్మిసార్టాన్, దాంతోపాటు మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్. చాలామంది పెద్దవాళ్లు వాడేదే ఇది. మోకాళ్ల కోసం దీనికి డైక్లోఫెనాక్ తోడైంది. అది కూడా మే నెల ఎండల్లో, డబ్బాలోవి చాలక మళ్లీ కొని, రెండు వారాల పాటు.

కిడ్నీలో ఏం జరిగిందో చెప్తాను. మా ఊళ్లో చెరువు చూసినవాళ్లకు ఇది సులువు.

(కాగితం మీద బొమ్మ గీస్తూ: చెరువు, లోపలికి ఒక తూము, బయటికి ఒక తూము, మధ్యలో జల్లెడ.)

కిడ్నీలో లక్షల కొద్దీ చిన్న జల్లెళ్లు ఉంటాయి. ఒక్కోదానికి రక్తం లోపలికి వచ్చే తూము ఒకటి, బయటికి పోయే తూము ఒకటి. జల్లెడలో నీళ్లు వడకట్టాలంటే మధ్యలో ఒత్తిడి ఉండాలి. మూత్రం ఎక్కువ పోయించే మందు చెరువులో నీటిమట్టాన్నే తగ్గిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే తూమును వెడల్పు చేస్తుంది. మామూలప్పుడు దానివల్ల కిడ్నీకి మంచే. ఈ రెండూ ఉన్నా కిడ్నీ ఎలాగో నెట్టుకొస్తుంది, ఎందుకంటే లోపలికి వచ్చే తూమును తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. డైక్లోఫెనాక్ ఆపేది సరిగ్గా దాన్నే. నొప్పి పుట్టించేదీ ఆ పదార్థమే, కిడ్నీని కాపాడేదీ ఆ పదార్థమే. మోకాలి దగ్గర మాత్రమే ఆపు, కిడ్నీ దగ్గర వదిలెయ్ అని బిళ్లకు మనం చెప్పలేం.

నీటిమట్టం తగ్గింది, వచ్చే తూము బిగిసింది, పోయే తూము బార్లా తెరిచి ఉంది. ఇక వడపోత ఎక్కడిది?

మామయ్యకు పాదాలు వాచాయి. మూత్రం తగ్గింది. "ఎండకు నీళ్లు తాగట్లేదు, అంతే" అన్నారు. టెస్ట్ చేయిస్తే రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి పంపాల్సిన చెత్త, 2.3. అంతకు ముందు 1.1 ఉండేది. నొప్పి బిళ్ల ఆపించాం, డాక్టర్ గారు బీపీ మందులు కొన్నాళ్లు మార్చారు. మూడు వారాలకు 1.3కి దిగింది. అందరికీ ఇలా దిగదు. మూడు మందులు కలిసి కిడ్నీని కొట్టే ఈ దెబ్బ మాకు క్లాసులో చెప్పిందే. మా ఇంటి డబ్బాలో నుంచే వస్తుందని మాత్రం అనుకోలేదు. నిజం చెప్పాలంటే కాస్త సిగ్గుగా కూడా అనిపించింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మనందరికీ తెలుసు. అక్కడ అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, నొప్పి బిళ్లలే కారణం అని నేను అనను. కానీ అప్పటికే కిడ్నీ దెబ్బతిన్న మనిషికి, ఎండలో పనిచేసి ఒళ్లు నొప్పులతో వచ్చినవాళ్లకు ఈ బిళ్ల ఇచ్చే ముందు ఆగాలి. ఇందులో అనుమానం లేదు.

పెద్దవాళ్ల దగ్గర ఇంకో చిక్కు. ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ల వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. అది మందు వల్ల అని గుర్తించకుండా వాపు తగ్గడానికి ఇంకో మందు. దానితో పొటాషియం తగ్గితే మరొకటి. చీటీ పెరుగుతూ పోతుంది. మొదటి బిళ్ల ఒక్కటి మారిస్తే సరిపోయేది. అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టర్ 1991లో పెద్దవాళ్లకు వీలైనంత వరకు ఇవ్వకూడని మందుల జాబితా తయారు చేశారు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూ వాడుతున్నారు. జలుబుకు మనం అలవాటుగా వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ అందులో ఉంది: మత్తు, తడబాటు, ప్రోస్టేట్ వాపు ఉన్న మగవాళ్లకు మూత్రం బిగుసుకుపోవడం. రాత్రి బాత్రూమ్‌కు లేచి పడిపోయిన తాతయ్య ఏ బిళ్ల వేసుకుని పడుకున్నారో ఎవరూ అడగరు.

(టేబుల్ మీద మూడు సీసాలు, ఒక సిరంజి. సూది లేదు.)

పాప దగ్గరికి వద్దాం. బరువు పది కిలోలు. జ్వరానికి పారాసెటమాల్. ఇది ఈ డబ్బాలో అన్నిటికంటే మంచి పిల్ల, కానీ లెక్క తప్పితే కాదు.

పిల్లలకు వయసును బట్టి కాదు, బరువును బట్టి లెక్క. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒకసారికి 150. నాలుగు నుంచి ఆరు గంటల తేడా ఉండాలి, రోజుకు నాలుగు సార్లు మించకూడదు. ఇప్పుడు మూడు సీసాలూ చూడండి, మూడింటి మీదా ఒకటే పేరు. మొదటిది డ్రాప్స్: ఒక ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములు. రెండోది సిరప్: ఐదు ఎంఎల్‌లో 125. మూడోదీ సిరప్పే, ఐదు ఎంఎల్‌లో 250.

(సిరంజిలోకి మొదటి సీసా నుంచి తీసి పట్టుకుని చూపిస్తూ.)

డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎంఎల్. ఇంతే, చూడండి. రెండో సీసా అయితే ఆరు ఎంఎల్. మూడోది అయితే మూడు. పోయినసారి డాక్టర్ ఆరు ఎంఎల్ అన్నారని గుర్తుపెట్టుకుని, ఈసారి చేతికి అందిన డ్రాప్స్ సీసాలోంచి ఆరు పోశామనుకోండి, 600 మిల్లీగ్రాములు. నాలుగింతలు! అలా రోజుకు మూడు సార్లు, రెండు రోజులు పోస్తే లివర్ దెబ్బతినవచ్చు. చిన్న సీసా కదా, మందు పల్చగా ఉంటుందిలే అనుకుంటాం. ఉల్టా. చిన్న సీసాలోదే చిక్కన. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు, కాబట్టి సిరంజి అయినా, సీసాతో వచ్చిన మూత కొలత అయినా వాడండి.

పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కారు. 1950ల్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు కొందరు బూడిద రంగుకు తిరిగి చనిపోయారు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి వాళ్ల లివర్‌కు ఇంకా రాలేదు. అప్పటి నుంచి నేర్చుకుంటూనే ఉన్నాం. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడొద్దని మన దేశంలో 2011లో ఆపారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వద్దని 2023 డిసెంబర్‌లో చెప్పారు. మీ ఇంట్లో పాత సీసా మీద ఆ హెచ్చరిక ఉండకపోవచ్చు. జ్వరం వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ అసలు వద్దు, రేస్ సిండ్రోమ్ అని మెదడు, లివర్ రెండూ దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆడపడుచు. ఏడో నెల. నడుం నొప్పి. ఈ డైక్లోఫెనాక్ ఒకటి వేసేసుకుంది పాపం.

20 వారాలు దాటాక ఈ కుటుంబం మందులు వాడితే కడుపులో బిడ్డ కిడ్నీలు సరిగ్గా పనిచేయక ఉమ్మనీరు తగ్గవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. చివరి మూడు నెలల్లో ఇంకో భయం: బిడ్డ గుండె దగ్గర పుట్టేదాకా తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు. ఒక్క బిళ్లకే ఇదంతా జరిగిపోతుందని కాదు. డాక్టరమ్మకు చెప్పాం, స్కాన్ చేశారు, అంతా బాగానే ఉంది. నొప్పికి పారాసెటమాల్ రాశారు.

గర్భిణుల మందులకు ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అని అక్షరాలు ఉంటాయని మీరు విని ఉంటారు. 1979లో ఎఫ్‌డీఏ పెట్టింది, 2015 నుంచి తీసేయడం మొదలుపెట్టింది. ఎందుకంటే జనం వాటిని స్కూలు మార్కుల్లా చదివారు. డైక్లోఫెనాక్‌కే 30 వారాల దాకా సీ, ఆ తర్వాత డీ. మందు అదే, నెల మారింది. ఇప్పుడు ఆస్పిరిన్ దగ్గరికి వస్తా అన్నాను కదా. అదీ ఈ వంశమే. అయినా గర్భంలో బీపీ పెరిగే ప్రమాదం ఉన్నవాళ్లకు డాక్టర్లే చిన్న డోసులో రోజూ రాస్తారు. "గూగుల్‌లో ఆస్పిరిన్ వద్దని ఉంది" అని ఆపేసి వచ్చేవాళ్లు నాకు నెలకొకరు తగులుతారు. ఫిట్స్ మందులు కూడా ఇలాగే. అడగకుండా వేసుకోవద్దు, అడగకుండా ఆపొద్దు. అన్నిటికంటే తొందరగా చెప్పాల్సింది ఏమిటంటే, నెల తప్పిందని అనుమానం వచ్చిన రోజే ఏ షాపులో ఏ బిళ్ల కొన్నా ఆ మాట చెప్పండి. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ లాంటివి బిడ్డను దెబ్బతీసేది మొదటి వారాల్లోనే, చాలామందికి ఇంకా సంగతే తెలియని రోజుల్లో.

మా ఆయన సంగతి చిన్నదే. ఆగస్టులో జ్వరం, ఒళ్లంతా విరుచుకుపోయే నొప్పులు. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఏదీ వద్దు. ప్లేట్‌లెట్లు అప్పటికే పడిపోతుంటాయి, ఈ మందులు ఉన్న ప్లేట్‌లెట్లను కూడా సరిగ్గా పనిచేయనివ్వవు, కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. పారాసెటమాల్, నీళ్లు, రక్త పరీక్ష. ఏజెన్సీలో మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్‌ది ఇంకో కథ. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ ఉన్నవాళ్లకు అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఇవ్వరు. దాని గురించి వేరే వీడియో చేస్తా, ఇందులో ఇరికిస్తే సరిపోదు.

(డబ్బా తలకిందులు చేసి టేబుల్ మీద పోస్తుంది.)

ఇప్పుడు ఖాళీ చేస్తున్నా. డేట్ అయిపోయినవి ఇటు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ ఒకటి, అది కూడా ఇటే, కోర్సు మధ్యలో ఆపిందెవరో తర్వాత కనుక్కుంటా. మామయ్య బీపీ బిళ్లలు వేరే కవర్లో, పైన ఆయన పేరు రాసి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కవర్‌తో పాటు కాళ్లకు రాసుకునే ఆయింట్‌మెంట్, ఎవరో ఇచ్చిన ఆకు పసరు చూర్ణం కూడా తీసుకెళ్తాం. అవి మందులు కావనుకుని ఆయన వాటి సంగతి చెప్పరు మరి.

అడుగున ఇదొకటి మిగిలింది.

(అరచేతిలో కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్క. రెండు బిళ్లలు.)

షాపులో రెండే అడిగితే ఇలా కత్తిరించి ఇస్తారు. పేరున్న వైపు షాపులో ఉండిపోయింది. డేటూ అటే పోయింది. తెల్లగా, గుండ్రంగా, మధ్యలో గీత. అత్తయ్యా, ఇదేం బిళ్ల?

(వంటింట్లోంచి గొంతు: "అది మంచి బిళ్లేనమ్మా, పారేయకు!")