మస్టాంగ్‌ను కిందకు దించాలా, వద్దా? బెజవాడ రోడ్ల మీద స్పోర్ట్స్ కారు మార్పులు

[దృశ్యం: పటమటలో లోపలి కాలనీ రోడ్డు. కెమెరా నేలకు ఆనించి ఉంది. అడుగు వెడల్పు స్పీడ్ బ్రేకర్ దిమ్మ. ఎర్ర ఫోర్డ్ మస్టాంగ్ ముందు చక్రాలు దాటాయి, నడుము దాటలేదు. గీసుకున్న చప్పుడు.]

వాయిస్: ఈ చప్పుడు వినగానే అందరూ కారునే తిడతారు. ముందు ఈ దిమ్మ సంగతి చూద్దాం.

రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. మస్టాంగ్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.72 మీటర్లు. అంటే నాలుగు చక్రాలూ ఒకేసారి ఆ వంపు మీదకు ఎక్కేస్తాయి. లెక్కేస్తే కారు నడుము, అంటే ముందు వెనక చక్రాల మధ్య అడుగుభాగం, కింద రోడ్డు పైకి లేచేది 54 మిల్లీమీటర్లే.

[గ్రాఫిక్: వెడల్పు హంప్ మీద కారు. పక్కనే ఇరుకు దిమ్మ మీద అదే కారు.]

ఇల్లు కట్టగా మిగిలిన కాంక్రీటుతో వీధిలో ఎవరో పోసిన దిమ్మ అలా ఉండదు. అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు. 15 సెంటీమీటర్లు అనుకుందాం. చక్రాలన్నీ నేల మీదే ఉంటాయి కాబట్టి మొత్తం 150 మిల్లీమీటర్లూ నడుముకే. బందరు రోడ్డు మీద హాయిగా తిరిగే కారు సొంత వీధిలో ఇరుక్కునేది ఇందుకే.

కాబట్టి కారును 25 మిల్లీమీటర్లు కిందకు దించే స్ప్రింగులు కొనే ముందు షోరూంకి కాదు, మీ వీధి చివరకి టేపు పట్టుకెళ్లండి. దిమ్మకు అటూ ఇటూ ఒకే ఎత్తున ఇటుకలు నిలబెట్టి, వాటి మీదుగా తాడు బిగించి లాగండి. తాడు నుంచి దిమ్మ నెత్తికి ఎంతుందో చూసి, ఇటుక ఎత్తులోంచి తీసేయండి. అదీ దిమ్మ అసలు ఎత్తు. తర్వాత ట్యాంకు నింపి, నలుగురిని కూర్చోబెట్టి, చక్రాల మధ్య కారు అడుగున అన్నిటికన్నా కిందకున్న చోటు కొలవండి. ఒక్కరే కూర్చుని కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆ కొలతలోంచి 25 తీసేశాక కూడా దిమ్మ కన్నా కనీసం 20 మిల్లీమీటర్లు ఎక్కువ మిగిలితేనే ముందుకెళ్లండి. మిగలకపోతే ఆ డబ్బు టైర్లకు పెట్టండి. దిమ్మను ఏటవాలుగా దాటిస్తే చక్రాలు ఒక్కోటిగా ఎక్కుతాయి, నడుముకు కొంత ఎత్తు దొరుకుతుంది. కానీ ఇరుకు సందులో ఏటవాలుకు చోటేది?

[దృశ్యం: ఆటోనగర్. లారీ బాడీల మధ్య చిన్న షెడ్డు. జాకీ మీద మస్టాంగ్.]

వాయిస్: మనం ఉదాహరణగా తీసుకున్నది 2016లో ఫోర్డ్ మన దేశంలో అమ్మకానికి తెచ్చిన మస్టాంగ్ జీటీ. ఐదు లీటర్ల వీ8 ఇంజన్, దాదాపు 400 హార్స్‌పవర్. పవర్‌కు కొదవ లేదు కాబట్టి ఈ వీడియోలో దాన్ని చివరికి నెట్టేశాం. మీది వేరే కారైతే అంకెలు మారతాయి, పద్ధతి ఇదే.

చక్రాలతో మొదలుపెడదాం. కారు రూపు మారేదీ ఇక్కడే, ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే.

ముందు చక్రాలకు 255/40 ఆర్19 టైరు. 255 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 40 శాతం సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు, అంటే 102 మిల్లీమీటర్లు. అటూ ఇటూ కలిపి 19 అంగుళాల రిమ్‌తో సహా మొత్తం వ్యాసం 686.6 మిల్లీమీటర్లు. 20 అంగుళాల రిమ్‌కు 255/35 వేస్తే 686.5 వస్తుంది. స్పీడోమీటర్‌కు తేడా తెలీదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌కూ తెలీదు. తెలిసేది గుంతకే. సైడ్‌వాల్ 102 నుంచి 89కి పడిపోయింది. ఆ 13 మిల్లీమీటర్ల రబ్బరే గుంత అంచుకూ రిమ్‌కూ మధ్య పరుపు. అది తగ్గితే గుంత దెబ్బకు టైరు లోపలి దారాలు రిమ్‌కూ రోడ్డుకూ మధ్య నలిగి తెగుతాయి. మర్నాటికి సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత బుడిపె లేస్తుంది. అలాంటి టైరుకు పంచర్ షాపులో మందు లేదు, పారేయడమే.

20 అంగుళాల చక్రం ఫొటోలో బాగుంటుంది, కాదనం. కానీ వానాకాలంలో ఏలూరు రోడ్డు మీద రోజూ తిరిగే కారుకు మా ఓటు 19కే. 18కి దిగుదామంటే ముందు బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) రిమ్ లోపల పడుతుందో లేదో చూసుకోవాలి.

[దగ్గరి దృశ్యం: రిమ్ లోపలి వైపు. పోతలో కనిపిస్తున్న ఈటీ45 అక్షరాలు. వేలు వాటి మీద ఆగుతుంది.]

వాయిస్: ఇది ఆఫ్‌సెట్. రిమ్ వెడల్పుకు సరిగ్గా మధ్య గీత నుంచి, హబ్‌కు, అంటే చక్రం బిగించే ఇరుసు తలకు, ఆనే ముఖం ఎంత బయటి వైపుందో చెప్పే అంకె. అంకె తగ్గితే చక్రం బయటికొస్తుంది.

ఇప్పుడున్నది 9 అంగుళాల ఈటీ45 రిమ్ అనుకోండి. షాపువాళ్లు 10 అంగుళాల ఈటీ40 చూపించారు. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, సగం ఇటు, సగం అటు, 12.7 మిల్లీమీటర్ల చొప్పున. ఆఫ్‌సెట్ 5 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 5 బయటికి జరిగింది. బయటి అంచు 17.7 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 7.7 లోపలికి. లోపల షాకబ్జర్ గొట్టానికీ రిమ్‌కూ మధ్య ఎంత సందుందో వేలు పెట్టి చూడండి. బయట స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ముందు మడ్‌గార్డ్ అంచు దగ్గర చూడండి. స్ప్రింగులు కూడా మార్చబోతుంటే, అవి మార్చాకే ఈ కొలత తీయండి. టైరు మడ్‌గార్డ్ దాటి బయటికొచ్చిందంటే పెయింటు మీద రాళ్ల దెబ్బలూ తప్పవు, రోడ్డు మీద ఆపి అడిగేవాళ్లూ తప్పరు.

తర్వాత హబ్ రింగు, అంటే రిమ్ మధ్య కన్నానికీ హబ్‌కూ మధ్య సందు పూడ్చే కడియం. మస్టాంగ్‌కు ఐదు నట్లు, 114.3 మిల్లీమీటర్ల వృత్తం మీద. చాలా కార్లకు ఇదే కొలత కాబట్టి బయట దొరికే రిమ్‌లకు మధ్య కన్నం పెద్దదిగా చేసి వదిలేస్తారు. రిమ్‌ను మధ్యలో నిలబెట్టేది నట్లు కాదు, హబ్. సందు ఉండిపోతే గంటకు 90 కిలోమీటర్లు దాటాక స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు, ఎందుకంటే బ్యాలెన్సింగ్ మిషన్ మీద చక్రం సరిగ్గానే కూర్చుంటుంది. ఇక్కడ ఆటోనగర్ అక్కరకొస్తుంది. వెర్నియర్‌తో హబ్ బయటి కొలత, రిమ్ లోపలి కొలత తీసి, పదో వంతు మిల్లీమీటరు వరకు రాసివ్వండి. మంచి లేతు పనివాళ్లు అల్యూమినియం రింగులు నాలుగూ ఒక పూటలో తిప్పిస్తారు. రింగు చేత్తో నొక్కితే దిగాలి, సుత్తితో కాదు.

[దృశ్యం: పాత టైరు సైడ్‌వాల్ మీద నాలుగంకెలు.]

టైరు కొనేటప్పుడు ఈ నాలుగంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. స్పోర్ట్స్ కార్ల సైజులు మన దగ్గర తొందరగా అమ్ముడుపోవు, గోడౌన్‌లో నిల్వ ఉన్న సరుకు అంటగట్టే వీలుంది.

గాలి సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు టైరులో గాలి పెరుగుతుంది. పది డిగ్రీలకు ఒకటిన్నర పీఎస్ఐ దాకా. మధ్యాహ్నం బంకులో ఎక్కువ చూపించిందని గాలి తీసేస్తే, తెల్లారేసరికి తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు ఎక్కువ మెలికలు తిరిగి ఇంకా వేడెక్కుతుంది. పొద్దున్నే కారు తీయకముందు, సొంత గేజీతో చూసుకోవడం తప్ప దారి లేదు.

[దృశ్యం: విప్పిన స్ప్రింగు, పక్కన కొత్తది. మెకానిక్ చేతిలో గ్రైండర్.]

మెకానిక్: కొత్త స్ప్రింగు ఎందుకు సార్, ఒక చుట్టు కోసేద్దాం. సెట్టయిపోద్ది.

వాయిస్: సెట్టవ్వదు. చుట్టు తగ్గితే మిగతా స్ప్రింగు గట్టిపడుతుంది, కానీ పొడవు చాలదు. గుంత మీద చక్రం కిందకు జారినప్పుడు స్ప్రింగు తన గూటిలోంచి వదులైపోయి, తిరిగి కూర్చునేటప్పుడు టక్కుమంటుంది. గ్యాసు మంటతో కాల్చి కుంగదీయడం ఇంకా దారుణం. ఉక్కుకున్న పదును పోయి నెల నెలా ఇంకాస్త కుంగుతుంది. కోసిన స్ప్రింగు ఎంత చవకైనా ఒద్దనండి.

సరైన స్ప్రింగులే వేసినా, పని చేసేటప్పుడు ఒక తప్పు దాదాపు ప్రతి షెడ్డులోనూ జరుగుతుంది. కింది ఆర్మ్ చివర బుష్ చూడండి.

[దగ్గరి దృశ్యం: ఇనుప గొట్టం, దాన్ని పట్టుకున్న నల్ల రబ్బరు. వేళ్లతో మెలితిప్పితే రబ్బరు సాగుతుంది, వదిలితే వెనక్కొస్తుంది.]

ఈ రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, జారదు, మెలి తిరుగుతుంది అంతే. బోల్టు బిగించినప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉంటే, రబ్బరుకు అదే విశ్రాంతి. కారు జాకీ మీద ఉండి చక్రం వేలాడుతుండగా బిగించారనుకోండి. కారు కిందకు దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలికలోనే ఉంటుంది. మొదట కారు ఒక పక్క కొద్దిగా ఎత్తుగా కనిపిస్తుంది, ‘కొత్త స్ప్రింగు కదా, కూర్చుంటుంది’ అంటారు. కొన్నాళ్లకు రబ్బరు చిరిగి, బ్రేకు వేసినప్పుడల్లా కిర్రుమంటుంది. అందుకని బోల్టులు చేత్తో పట్టించి వదిలేయాలి. ఆర్మ్ కింద జాకీ పెట్టి కారు బరువు దాని మీద పడేదాకా లేపాలి, లేదా చక్రాలతో ర్యాంపు ఎక్కించాలి. అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించాలి. ఒకసారి వాడి పారేయాలని మాన్యువల్ చెప్పిన బోల్టులుంటే కొత్తవి ముందే తెప్పించుకోండి.

షాకబ్జర్ పైనట్టు మాత్రం స్ప్రింగు కంప్రెసర్‌తో నొక్కి ఉంచకుండా విప్పకూడదు. ఆ స్ప్రింగు ఎగిరితే షెడ్డు రేకు ఆపలేదు.

వారం తిరిగాక నాలుగు చక్రాలకూ అలైన్‌మెంట్. కారు దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు రోడ్డుకు ఫరవాలేదు. టైరు లోపలి అంచు కొన్ని నెలల్లో అరిగిపోతే ఎక్కువగా దోషం వాలుది కాదు, టో తేడాది (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం). రిపోర్టు కాగితం అడిగి తీసుకోండి.

[దృశ్యం: బ్రేక్ ఫ్లూయిడ్ సీసా.]

వాయిస్: బ్రేకులకు పెద్ద కాలిపర్లు కొనే ముందు ఈ సీసా మార్చండి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చి 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి రావచ్చు. కృష్ణ ఒడ్డున తేమకు కొరత లేదు. మరిగితే ఆవిరి బుడగలు, పెడల్ స్పాంజి. రెండేళ్లకోసారి మార్చండి. ఇంకా కావాలంటే డాట్ 5.1. డాట్ 5 మాత్రం సిలికాన్, దీనితో కలవదు, పేరు దగ్గరగా ఉందని మోసపోకండి. కొత్త ప్యాడ్లు వేస్తే తెల్లారగట్ట ఖాళీ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల నుంచి 20కి ఎనిమిది పదిసార్లు తగ్గించి, మధ్యలో పూర్తిగా ఆపకుండా నడపండి. వేడి ప్యాడ్‌తో ఆగిపోతే డిస్క్ మీద ఆ చోటే మచ్చ పడి, తర్వాత పెడల్ కొట్టుకుంటుంది.

[దృశ్యం: నీడలో కారు. తలుపు అంచు మీద వినైల్ సాగదీస్తున్న చేతులు, పక్కన హీట్ గన్.]

వాయిస్: ఇక రంగు. వినైల్ ర్యాప్ (పెయింటు మీద అంటించే రంగు పొర)లో ద్రవంగా పోసి ఆరబెట్టిన కాస్ట్ ఫిల్మ్ అడగండి. రోలర్ల మధ్య నొక్కి చేసిన క్యాలెండర్డ్ ఫిల్మ్ సాగి, మళ్లీ ముడుచుకుంటుంది, మన ఎండకు అంచుల దగ్గర లేస్తుంది. మస్టాంగ్‌కు ఒకటిన్నర మీటరు వెడల్పు రోల్ 18 నుంచి 20 మీటర్లు పడుతుంది. అంచులు, లోతు మడతలు అంటించాక 90 నుంచి 100 డిగ్రీల వేడి చూపించాలి, అప్పుడే ఫిల్మ్ తన పాత ఆకారం మర్చిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు లేకుండా ‘అందాజుగా’ అంటే ఇంకో షాపు చూసుకోండి. డెంట్ తీసి కొత్తగా పెయింటు వేసిన చోట నెల రోజులు ఆగాలి.

రంగు ఆర్‌సీలో ఉంటుందని గుర్తుందా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీ వివరాలకు, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రంగు మార్చాలంటే ఆర్‌టీఓ దగ్గర ముందే రాయించుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. పెయింటును కాపాడే పారదర్శకమైన పొర పీపీఎఫ్‌తో ఈ బాధ లేదు, రంగు మారదు కదా. విప్పిన ప్రతి భాగాన్నీ గుడ్డ చుట్టి అటక మీద పెట్టండి. అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగేది వాటినే.

పవర్ పెంచే సైలెన్సర్, ఇంటేక్ (ఇంజన్ గాలి పీల్చే దారి), ట్యూనింగ్ గురించి రెండు ముక్కలు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ముట్టుకోవద్దు, పొల్యూషన్ పరీక్షలో దొరికిపోతారు, ఇంజన్ లైటు ఆరదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడ్డ కారుకు మూత లేని ఫిల్టర్ పెడితే అది పీల్చేది ఇంజన్ వేడినే. నూనె రాసే రకం ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే గాలి కొలిచే సెన్సర్ తీగ మీద పేరుకుని ఐడిలింగ్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నడక) చెడుతుంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకు ట్యూన్ చేయించి, హైవే మీద మామూలు పెట్రోలు కొట్టిస్తే ఇంజన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) వెనక్కి లాక్కుని పవర్ తగ్గించేస్తుంది, కట్టిన డబ్బు ఆవిరి.

[దృశ్యం: చక్రం బిగింపు. ఎయిర్ గన్ పక్కన పెట్టి, చేతిలో టార్క్ రెంచి.]

వాయిస్: చివరి పని. మస్టాంగ్ నట్టు ఎం14 (14 మిల్లీమీటర్ల మర), పిచ్ (మరల మధ్య దూరం) 1.5. బిగింపు 204 న్యూటన్ మీటర్లు. నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా, రెండు విడతల్లో. ఎయిర్ గన్‌తో కొట్టేస్తే ఎంత బిగిసిందో ఎవరికీ తెలీదు.

160 కిలోమీటర్లు దాటకముందే మళ్లీ చూడాలి. గుంటూరు వెళ్లొస్తే 70 కిలోమీటర్లు అవుతుంది. అలా ఒకటి రెండు రౌండ్లు కొట్టి, ఇంటికొచ్చి, చక్రాలు పూర్తిగా చల్లారాక రెంచి పెట్టండి.

[దగ్గరి దృశ్యం: రెంచి. క్లిక్.]

నట్టు కదలకుండా క్లిక్‌మంటే బాగుంది. క్లిక్ రాకముందు నట్టు తిరిగిందంటే మళ్లీ బిగించి ఊరుకోవద్దు. చక్రం విప్పి హబ్ ముఖం మీద వేలు రాయండి. కొత్త రిమ్ పెయింటు పొరో, పాత తుప్పు పెచ్చో మధ్యలో చిక్కి, నలిగి, సందు ఇచ్చి ఉంటుంది. వైర్ బ్రష్‌తో గీకి, తుడిచి, మళ్లీ మొదటినుంచి బిగించండి. అక్కడి నుంచి ఇంకో 160 కిలోమీటర్లు లెక్కపెట్టండి.