తడిగాలి ఊళ్ళో మెట్టబల్లి

సభకు నమస్కారం.

బల్లిని పెంచుకోవడం గురించి విజయనగరంలో ప్రసంగం అనగానే కొందరికి నవ్వు వస్తుంది, మరికొందరికి పంచాంగంలోని బల్లిశాస్త్రం పేజీ గుర్తుకు వస్తుంది. అయినా లెపర్డ్ గెకో అనే చుక్కల బల్లిని ఇంటికి తెచ్చుకోవాలని ముచ్చటపడే పిల్లలు మన ఊళ్ళలోనూ ఉన్నారు. వారికి దొరికే సలహాలలో ఎక్కువ భాగం చలిదేశాలలో పెంచేవారు తమ గదులకు తగినట్లు చెప్పుకొన్నవి. వాటిని ఉన్నవి ఉన్నట్లుగా ఈ తీరప్రాంతంలో పాటిస్తే ఆ జీవికి మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుందన్నది ఈ రోజు నేను ప్రధానంగా చెప్పదలచుకున్న మాట.

ముందుగా ఆ జీవి ఎలాంటిదో తెలుసుకుందాం. యూబ్లెఫారిస్ మాక్యులేరియస్ అనే ఈ జాతిని 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్, మన దేశపు వాయవ్య భాగాలలోని పొడి మెట్టనేలలు, రాతిగుట్టలు దీని సొంత తావులు. మన గోడమీది బల్లికి కనురెప్పలు లేవు, దీనికి ఉన్నాయి. మన బల్లి వేళ్ళకింద ఉండే అంటుపొరలు దీనికి లేవు కాబట్టి ఇది గాజును పట్టుకుని ఎక్కలేదు. పగలంతా రాళ్ళ సందుల్లో దాగి, మునిమాపు వేళ బయటికి వస్తుంది. తిన్నదానిలో మిగిలిన కొవ్వును తోకలో దాచుకుంటుంది. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. ఇంటర్మీడియట్ చదివే అబ్బాయి కొన్న బల్లి అతని పెళ్ళినాటికి కూడా ఉంటుందన్నమాట. అతను హైదరాబాదుకో బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్ళిపోతే దాని బాధ్యత ఎవరిదో ఇంట్లో ముందే తేల్చుకోవాలి. సాధారణంగా అది అమ్మ నెత్తిన పడుతుంది.

దీనికి దగ్గరి బంధువు మన తూర్పు కనుమలలోనే ఉంది. 1827లో జాన్ ఎడ్వర్డ్ గ్రే వర్ణించిన యూబ్లెఫారిస్ హార్డ్‌విక్కీ అది. ఒంటిమీద ముదురు పట్టీలుండే ఆ బల్లిని విషజంతువని భ్రమపడి కొట్టి చంపేవారున్నారు. నిజానికి దానిలో విషం లేదు. కొండల్లో కనబడితే దానిని చంపనూ వద్దు, పట్టి తేనూ వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నియమాలు మారాయి కాబట్టి పెంపకంలో పుట్టిందని చెప్పి అమ్మే బల్లినైనా, అమ్మేవారి నోటిమాట మీద కాక, అటవీశాఖ డివిజన్ కార్యాలయంలో విచారించి, కాగితాలు చూసుకున్న తరువాతే కొనాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ జీవి తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. వెచ్చని చోటికీ చల్లని చోటికీ తిరుగుతూ సరిచేసుకుంటుంది. అందుచేత సుమారు 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టెలో ఒక కొసన నేల 32 నుంచి 34 డిగ్రీల వరకు, రెండో కొసన 24 నుంచి 26 డిగ్రీల వరకు ఉండాలి. చలిదేశంలో గది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కాబట్టి అక్కడివారి ఆలోచనంతా వేడి పెంచడం చుట్టూ తిరుగుతుంది. మనకు మే నెలలో, ముఖ్యంగా స్లాబు కింద ఉన్న పైఅంతస్తు గదిలో, రాత్రి కూడా ముప్పై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పెట్టె నేలను వెచ్చబరిచే కరెంటు వేడిపలకతో పని ఉండదు, చల్లని మూల దొరకడమే గగనమవుతుంది. పెట్టెను కింది అంతస్తులో, ఎండ తగలని గోడవైపు పెట్టండి. పైకప్పుకు గాజు కాక జాలీ వేయండి. గడ్డకట్టిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి చల్లని కొసన జాలీ మీద ఉంచండి. డిసెంబరు, జనవరి రాత్రులలో మాత్రం వేడిపలక అవసరమే, కానీ వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ లేకుండా దానిని ఎన్నడూ వాడకూడదు, ఎందుకంటే అదుపులేని పలక బల్లి పొట్టను కాల్చేస్తుంది. కోవిడ్ రోజులలో నుదుటికి చూపించిన థర్మామీటరు ఇంట్లో ఉంది కదా అని దానితో సరిపెట్టవద్దు. అది మనిషి జ్వరం కొలవడానికి చేసినది. నేల వేడిని కొలిచే పరికరం వేరే కొనాలి.

వేడి కన్నా మొండి సమస్య తేమ. ఈ బల్లికి గాలిలో ముప్పై, నలభై శాతం తేమ చాలు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో ఏడాదిలో చాలా కాలం అంతకు రెట్టింపు ఉంటుంది. ముక్కిపోయిన గాలిలో దానికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది, కాబట్టి రెండువైపులా గాలి ఆడేలా పెట్టెను ఎంచుకోవాలి, నీళ్ళగిన్నెను చిన్నదిగా ఉంచాలి. అయితే పెట్టె అంతా పొడిగా ఉండాలంటూనే ఒక్క తడిగూడు తప్పనిసరి అంటాను. ఐస్‌క్రీం డబ్బాకు పక్కన గుండ్రంగా రంధ్రం చేసి, లోపల తడిపి పిండిన కొబ్బరిపొట్టు వేస్తే అదే తడిగూడు. ఉద్దానం ఉన్న సీమలో కొబ్బరిపొట్టుకు కరువేమీ లేదు, కానీ బూజు త్వరగా పడుతుంది కనుక వారానికోసారి మార్చాలి.

ఆ గూడు ఎందుకో కుబుసం విడిచే రోజున అర్థమవుతుంది. ముందు ఒళ్ళంతా పిండి రాసుకున్నట్లు తెల్లబడుతుంది. తరువాత బల్లి మూతిని రాయికేసి రుద్ది, తలమీది పొరను చించి, నోటితో లాగుతూ, మేజోడు తీసినట్లు కాలి నుంచి తప్పించి, ఆ పొరను తానే తినేస్తుంది. అంతా అయిపోయాక వేళ్ళను ఒక్కొక్కటిగా చూడాలి. వేలిచివర మిగిలిన సన్నని పొర ఎండి ఉంగరంలా బిగిస్తే రక్తం ఆడక వేలు ఊడిపోతుంది. అలా కనిపిస్తే పాదాలు మునిగేటంత గోరువెచ్చని నీటిలో పదినిమిషాలు నిలిపి, తడిపిన దూది పుల్లతో మెల్లగా తీయాలి, గోటితో గిల్లకూడదు.

ఆహారం విషయంలో ఇది కచ్చితమైన మాంసాహారి, అది కూడా కదిలే పురుగులనే తింటుంది. కీచురాళ్ళు, డూబియా బొద్దింకలు, మీల్‌వార్మ్‌లు పెంచేవారి దగ్గర కొనాలి. పొలంగట్టున పట్టినవాటిలో పురుగుమందు ఉండవచ్చు, మిణుగురులైతే విషమే. పురుగు వెడల్పు బల్లి రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు. పిల్లకు రోజూ, ఎదిగినదానికి రెండు మూడు రోజులకోసారి మేత చాలు. ఆ పురుగులకు ముందురోజు మునగాకు, క్యారట్ తినిపించి, కాల్షియం పొడి అద్ది వేయాలి. కాల్షియం, డి3 విటమిన్ కొరవడితే ఎముకలు మెత్తబడి, దవడ వంగి, కాళ్ళు మెలికపడతాయి. మెలికపడిన ఎముక మళ్ళీ తిన్నగా కాదు. మన ఇళ్ళలో చీమల బెడద కూడా ఉంది కాబట్టి బల్ల కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. ఆ గదిలో దోమల మందు, బొద్దింకల స్ప్రే రెండూ నిషేధమే.

నేలకు వదులు ఇసుక వద్దు. మేతతోపాటు మింగితే పేగు మూసుకుపోతుంది. గరుకు టైలు మేలు. దాక్కోవడానికి పగిలిన కుండపెంకు బోర్లించినా చాలు. రెండు మగవాటిని కలిపి ఉంచకూడదు. కొత్తగా తెచ్చిన వారం దానిని ముట్టుకోకూడదు, ఆ తరువాతైనా తోక పట్టుకోకూడదు. భయపడితే తోకను వదిలేస్తుంది, మళ్ళీ మొలిచేది పొట్టిగా ఉబ్బుగా ఉంటుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, సరీసృపాల మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది.

వంటింటి తూకం మీద వారానికోసారి బరువు చూసి పుస్తకంలో రాసుకోండి. తోక సన్నబడుతూ బరువు తగ్గుతుంటే కడుపులో పరాన్నజీవులున్నాయేమో పరీక్ష చేయించాలి. సరీసృపాలను చూసే వైద్యులు అరుదు; గరివిడి పశువైద్య కళాశాలలో గానీ విశాఖలో గానీ ఎవరున్నారో బల్లిని కొనకముందే వాకబు చేసి పెట్టుకోండి.

చివరగా తుపాను రోజుల సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఎన్నో ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కంగారుపడి కొవ్వొత్తులు, బొగ్గుల కుంపట్లు పెట్టె దగ్గరికి తేవద్దు. అక్టోబరులో మన గదుల వేడి దానికి ప్రాణాపాయం కలిగించేంత తక్కువకు దిగదు, తోక నిండుగా ఉన్న ఎదిగిన బల్లి వారం పైగా తిండి లేకుండా ఉండగలదు. చేయకూడని పని మేత పెట్టడమే, ఎందుకంటే వెచ్చదనం లేనప్పుడు తిన్నది అరగక కడుపులో కుళ్ళుతుంది. గిన్నెలో మంచినీళ్ళు మార్చి, కరెంటు వచ్చి నేల వెచ్చబడిన మర్నాడు మొదటి పురుగు వేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.