నాలుగేళ్ళ ముచ్చట
(సిద్ధవటంలో ఒక బడి వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, టీచర్లకు, పొద్దున్నుంచి ఎండలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలు అక్కడే అయిపోతాయి. ఏమీ అనుకోవద్దు.

జిల్లా చరిత్ర చెప్పమన్నారు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. తన కోసం కంపెనీ పెట్టిన సైన్యం ఖర్చు కింద ఇచ్చాడన్నమాట. అందుకే దత్తమండలాలన్నారు. రాయలసీమ అనే మంచి పేరు 1928లో గానీ రాలేదు. కలెక్టరుగా వచ్చిన మన్రో దొర కాపురం అనంతపురంలో. 1808లో ఈ సీమను బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. ఇప్పుడు వినండి. ఆ కడప జిల్లాకు మొదటి కేంద్రం కడప కాదు. మన సిద్ధవటం!

చప్పట్లు అప్పుడే వద్దు. 1812లో కలెక్టరు కచేరీ కడపకు వెళ్ళిపోయింది. పెన్నేరొస్తే దారి తెగిపోతుంది, ఊరు ఒంటరిదైపోతుంది, అందుకే మార్చారని చెబుతారు. మట్లి రాజులు ఏలిన కోట, కడప నవాబులు, హైదర్ అలీ చేతులు మారిన కోట. అంత కోటకు పెన్నే కాపలా. ఆ కాపలానే కలెక్టరుకు అడ్డమైంది.

నాకు ఇంకో బాధ కూడా ఉంది. 1820లో బ్రౌన్ దొర కచేరీ ఉద్యోగం మీద కడపకొచ్చాడు. బంగళా కొన్నాడు, పండితులను కూర్చోబెట్టి తెలుగు పుస్తకాలు సరిచేయించాడు. కచేరీ ఇక్కడే ఉంటే ఆయన ఎక్కడికొచ్చేవాడు? నవ్వకండి, నేను సీరియస్‌గానే అంటున్నా.

సరే, ఎక్కడున్నాం? ఏరు. మా జేజినాయనకు రెండెకరాల చేను మీద తగాదా ఉండేది. అవతలి ఒడ్డున ఓ కోర్టులో వాయిదా. ముందురోజే బయల్దేరాడు, ఏరొచ్చింది. కాగితాలు తడవకుండా తలపాగాలో చుట్టుకుని, నీళ్ళ అంచున ఇసుకలో ఒక పుల్ల గుచ్చి కూర్చున్నాడట. పుల్ల మొదలు బయటపడితే నీళ్ళు తీసినట్టు, మునిగితే ఇంకా పెరుగుతున్నట్టు. మూడు రోజులు అదే పని. రాత్రి ఇంటికి రావడం, కోడి కూయకముందే సంగటి మూట కట్టుకుని మళ్ళీ పోవడం. ఒక్కో పుల్లా మునగడం, వెనక్కి జరిగి ఇంకో పుల్ల గుచ్చడం. నాలుగో రోజు నడుములోతు నీళ్ళలో దాటి పోతే, ఎక్స్‌పార్టీ అయిపోయిందన్నారు, అంటే ఈయన రాలేదని అవతలివాళ్ళ మాటే విని తీర్పిచ్చేశారు. చేను పోయింది.

ఏరొచ్చిందని చెప్పినా ఎవరూ వినలేదంట. ఏరు అడ్డమైతే కలెక్టరు ఊరే మార్చుకున్నాడు కదా! మా జేజినాయన ఎక్కడికి మారాలి? ఈ మాట మా అవ్వ చచ్చేదాకా అడిగింది.

జిల్లా మాట మరిచిపోలేదు సార్, వస్తున్నా. 1911లో చిత్తూరు జిల్లా పుట్టినప్పుడు మదనపల్లె, వాయల్పాడు మన జిల్లా నుంచి వెళ్ళిపోయాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పట్లో రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా పెట్టారు. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక మా పక్కనుంటే కేంద్రం అక్కడేమిటని రాజంపేటవాళ్ళు రోడ్డెక్కారు. వాళ్ళది పేరు గొడవని కొందరు ఎగతాళి చేశారు. నాకట్లా అనిపించలేదు. సంతకం కోసం బస్సెక్కి పోయి, సారు క్యాంపుకెళ్ళాడంటే తిరిగొచ్చిన మనిషికి ఆ గొడవేమిటో తెలుస్తుంది. మనకైతే కడపే ఉండిపోయింది, వంతెనా ఉంది. అయినా ఆఫీసు ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు మ్యాపు మీద స్కేలు పెట్టి కొలుస్తారు గానీ, మధ్యలో ఏరుందా, బస్సుందా అని చూసేదెవరు?

బెల్లు కొట్టారు, విన్నాను. ఒక్క నిమిషం. పిల్లలూ, మీకు హోంవర్కు. ఇంటికి పోయి మీ అవ్వనో జేజినాయననో అడగండి. వంతెన లేనప్పుడు ఏ పని మీద ఏరు దాటారు, ఎన్ని రోజులు గట్టు మీద కాచుకున్నారు, పని అయిందా లేదా? వాళ్ళు ఎట్లా చెబితే అట్లాగే రాయండి, భాష దిద్దొద్దు. నోటుబుక్కులు నేను కొనిస్తాను. మొదటి పేజీలో మా జేజినాయన పుల్ల సంగతి రాసే పెట్టాను.