కార్మెన్ మౌరాను ఆమె పేరుతోనే పిలుద్దాం
(ఒక ఫిల్మ్ సొసైటీ నిర్వహించిన స్పానిష్ చిత్రాల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఎండను లెక్కచేయకుండా వచ్చిన మిత్రులకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు వరసగా చెప్పి, ఒక్కొక్కరికీ వేరువేరుగా ధన్యవాదాలు తెలుపుకోవడం మన సభల ఆనవాయితీ. దానికి పట్టే సమయాన్ని ఈ పూటకు స్పానిష్ నటి కార్మెన్ మౌరాకు కేటాయించడానికి పెద్దలు అనుమతిస్తారన్న నమ్మకంతో నేరుగా విషయంలోకి వస్తున్నాను.

నేరుగా అన్నానే గాని, ముందుగా ఆహ్వానపత్రం గురించి ఒక మాట చెప్పక తప్పదు. అందులో నా ప్రసంగాంశాన్ని ‘అల్మొదోవార్ కథానాయిక కార్మెన్ మౌరా సినీ జీవితం’ అని అచ్చువేశారు. వేసినవారిని నేను తప్పుపట్టడం లేదు. స్పెయిన్ పత్రికలే దశాబ్దాలుగా అలా రాస్తున్నాయి, వాటిని చూసి మనమూ రాస్తున్నాం. కొన్నేళ్ల క్రితం ఒక తెలుగు పత్రిక అడిగితే నేను మౌరా మీద వ్యాసం రాసి పంపాను. అచ్చయి వచ్చిన సంచికలో అర పేజీ నిండా దర్శకుడు పేద్రో అల్మొదోవార్ ఫొటో ఉంది. మౌరా బొమ్మ ఒక మూల తపాలా బిళ్లంత ఉంది. వ్యాసంలో ఆయన సినిమాల గురించి రాసిన పేరాలన్నీ క్షేమంగా ఉన్నాయి, మిగతా దర్శకులతో ఆమె చేసిన సినిమాల పేరాలు ‘స్థలాభావం వల్ల’ మాయమయ్యాయి. ఆ పత్రిక పేరు చెప్పను. కాని ఆనాడు కోతకు గురైన ఆ పేరాలను ఈ సభలో చెప్పుకోవాలనే ఇంతదూరం వచ్చాను, దాచడమెందుకు!

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 1980 నుంచి 2006 దాకా అల్మొదోవార్ దర్శకత్వంలో ఆమె నటించినవి ఏడు చిత్రాలు. అంతకుముందు 1978లో ఆయన సూపర్ 8 అనే చిన్న ఇంటి కెమెరాతో తీసినదాన్ని కలుపుకుంటే ఎనిమిది. సినిమాలు, టెలివిజన్ పాత్రలు కలిపి ఆమె చేసినవి వందకు పైమాటే. ఉత్తమ నటి, సహాయ నటి విభాగాలలో ఆమెకు వచ్చిన స్పెయిన్ జాతీయస్థాయి గోయా పురస్కారాలు నాలుగు. వాటిలో రెండు ఆయన సినిమాలకు వచ్చినవి, రెండు ఇతరుల సినిమాలకు వచ్చినవి. అయినా ఆ ఒక్క దర్శకుడి పేరు లేకుండా ఈమె పేరు అచ్చులో కనిపించదు.

మౌరా 1945 సెప్టెంబరు 15న మాడ్రిడ్‌లో పుట్టారు. స్పెయిన్‌కు పలుమార్లు ప్రధానిగా పనిచేసిన ఆంతోనియో మౌరా ఆ వంశంవారే. అంతటి సంప్రదాయ కుటుంబంలోని అమ్మాయి చిన్న వయసులోనే పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల తల్లి అయి, ఆ తర్వాత నాటకాల్లోకి వెళతానంటే ఆ ఇంట్లోనూ ఆ కాలంలోనూ ఏమి జరుగుతుందో ఊహించండి. ఫ్రాంకో నియంతృత్వంలో పెళ్లయిన స్త్రీ ఉద్యోగం చేయాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి ఉండాలని చట్టమే చెప్పేది. ఆ చట్టం 1975లో గాని తొలగలేదు. మౌరా నటనను ఎంచుకున్నారు, పిల్లల సంరక్షణ హక్కును కోల్పోయారు. ఆమె తెరమీద పోషించిన తల్లులను తలుచుకున్నప్పుడు ఈ సంగతిని మరచిపోవడం నాకు సాధ్యం కాదు. అయితే నటన అంతటికీ అదే కారణమని తేల్చేసే విమర్శకులతో నేను ఏకీభవించను. కష్టాలు పడ్డవాళ్లందరూ నటులు కాలేదు కదా.

ఫ్రెంచి రచయిత సార్త్ర్ నాటకం ఒకదానిలో నటిస్తున్నప్పుడు, అదే ప్రదర్శనలో చిన్న వేషం వేస్తున్న అల్మొదోవార్‌తో ఆమెకు పరిచయమైంది. ఆయన అప్పుడు జాతీయ టెలిఫోన్ సంస్థలో గుమాస్తా. ఆమె అప్పటికే రంగస్థలం మీద స్థిరపడిన నటి. ఫెర్నాందో కొలోమో 1977లో తీసిన ‘కాగితపు పులులు’ చిత్రంలోనూ నటించారు. అల్మొదోవార్ థియేటర్లకు తెచ్చిన తొలి చిత్రం ‘పేపీ, లూసీ, బోమ్’ కోసం స్నేహితుల దగ్గరా పరిచయస్తుల దగ్గరా డబ్బు పోగుచేసినవారిలో మౌరా ముఖ్యులు. అందరికీ తీరిక దొరికిన రోజుల్లో 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ముక్కలుముక్కలుగా తీసిన ఆ చిత్రం 1980లో విడుదలైంది. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరిని తెరకు పరిచయం చేశారు? మనం మాత్రం ఆయన ఆమెను ‘కనుగొన్నాడు’ అని రాస్తున్నాం. ఆ తర్వాతి ఏడాది ‘ఈ రాత్రి’ అనే టెలివిజన్ కార్యక్రమానికి ఆమె వ్యాఖ్యాతగా ఉన్నారు. స్పెయిన్‌లో ఇంటింటికీ ఆమె ముఖం తెలిసింది ఆ కార్యక్రమంతోనే.

ఆ ఎనిమిదేళ్ల అల్మొదోవార్ చిత్రాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1984లో వచ్చిన ‘ఇంతటి శిక్షకు నేనేం చేశాను’ చిత్రంలో గ్లోరియా అనే పనిమనిషి ఉంటుంది. మాడ్రిడ్ వలయ రహదారి పక్కన, వాహనాల హోరు ఆగని అపార్టుమెంట్లలో ఒక ఇరుకు ఇల్లు ఆమెది. నలుగురి ఇళ్లలో పనిచేసి, నిద్ర ఆపుకోవడానికి మాత్రలు మింగి, ఇంటికొచ్చి మళ్లీ వంట మొదలుపెడుతుంది. చివరికి ఒకరోజు మొగుడి తలమీద ఎండబెట్టిన పంది తొడ ఎముకతో కొడుతుంది, వాడు చస్తాడు, ఆ ఎముక గిన్నెలో మరుగుతుంది. కథగా చెబితే నవ్వు వస్తుంది. తెరమీద మౌరా ఆ పాత్రను ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించకుండా, ఒళ్లంతా అలిసిపోయిన మనిషిగా నడుస్తూ, వంగుతూ, తుడుస్తూ చేసి చూపించారు. నవ్వు ప్రేక్షకుడి బాధ్యత అని వదిలేశారు.

1987లో ‘కోరిక చట్టం’లో ఆమెది పుట్టుకతో మగవాడై తర్వాత స్త్రీగా మారిన తీనా పాత్ర. వేసవి రాత్రి వీధులు కడుగుతున్న మునిసిపల్ కార్మికుణ్ని ఆపి, పైపుతో తనమీద నీళ్లు కొట్టమని అడిగే దృశ్యం ఒక్కటి చూసినా ఆ పాత్ర గుర్తుండిపోతుంది. ఆ మరుసటి ఏడాది ‘నరాలు తెగే అంచున ఉన్న ఆడవాళ్లు’ వచ్చింది. యూరోపియన్ చిత్ర పురస్కారాలు మొదలైన తొలి సంవత్సరమే ఆమెను ఉత్తమ నటిని చేసింది ఆ చిత్రం.

దాని గురించి తెలుగు ప్రేక్షకులకు ప్రత్యేకంగా ఒక సంగతి చెప్పాలి. అందులో కథానాయిక పేపా డబ్బింగ్ కళాకారిణి. ఆమెను వదిలి వెళ్లిపోతున్న ప్రియుడు ఇవాన్‌దీ అదే వృత్తి. ఒక పాత హాలీవుడ్ చిత్రంలోని ప్రేమ సంభాషణకు అతను ముందే వచ్చి తన వంతు చెప్పి వెళ్లిపోతాడు. ఆమె తర్వాత ఒంటరిగా స్టూడియోకు వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెరమీది జోన్ క్రాఫర్డ్‌కు గొంతు ఇస్తూ, అతని ప్రేమమాటలకు బదులు చెప్పి, స్పృహతప్పి పడిపోతుంది. 1941లో ఫ్రాంకో ప్రభుత్వం విదేశీ చిత్రాలను స్పానిష్‌లోకి డబ్బింగ్ చేసి తీరాలని ఆజ్ఞ జారీచేసింది. ఆజ్ఞ పోయినా అలవాటు మిగిలింది, దానితోపాటు ఒక వృత్తీ మిగిలింది. మన తెరమీదా చాలామంది నాయికలకు వేరొకరు గొంతు ఇస్తారు. నంది పురస్కారాల్లో డబ్బింగ్ కళాకారిణికి ప్రత్యేకంగా ఒక బహుమతే ఉండేది. గొంతు ఒకరిది, ముఖం మరొకరిది అయిన ఆ వ్యవహారం మనకు బాగా తెలుసు గనుక, ఈ దృశ్యాన్ని మాడ్రిడ్ ప్రేక్షకుడికి దీటుగా అర్థం చేసుకోగలిగినవాళ్లం మనమే అనుకుంటాను.

ఆ చిత్రం ఆస్కార్ పోటీకి వెళ్లిన రోజుల్లోనే నటికీ దర్శకుడికీ మాటలు లేకుండా పోయాయి. తప్పు ఎవరిదన్న పంచాయితీ నాకక్కరలేదు. 1990 గోయా పురస్కారాల సభకు మౌరా వ్యాఖ్యాతగా ఉన్నప్పుడు అల్మొదోవార్ వేదిక ఎక్కి, కొద్ది నెలల క్రితమే కూలిన బెర్లిన్ గోడ తునక ఒకటి సయోధ్యకు గుర్తుగా ఆమెకు కానుక ఇచ్చారు. పత్రికలకు అంతకంటే ఏం కావాలి! ఆమె నటన గురించి రెండు వాక్యాలు రాయలేనివాళ్లకు కూడా ఈ గోడ కథ నోటికి వచ్చు. నేనూ చెప్పేశాను, చూశారు కదా.

మిత్రులారా, దయచేసి ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. పత్రికలో కోసేసిన పేరాలు ఇక్కడే మొదలవుతాయి.

ఆ సయోధ్య జరిగిన 1990లోనే కార్లోస్ సౌరా దర్శకత్వంలో ‘అయ్, కార్మేలా!’ వచ్చింది. మూలం సాంచిస్ సినిస్తెర్రా నాటకం. రంగస్థలం మీద కార్మేలాగా వెరోనికా ఫోర్కే నటించారు. గ్లోరియా పక్కింటి అమ్మాయిగా మౌరాతో నటించిన ఫోర్కేనే ఆమె. ఇది స్పెయిన్‌లో రిపబ్లిక్ ప్రభుత్వానికీ, దానిమీద తిరగబడ్డ ఫ్రాంకో సేనలకూ జరిగిన అంతర్యుద్ధంలో 1938 నాటి కథ. కార్మేలా, ఆమె మనిషి పౌలీనో, బాంబుదాడిలో మాట పడిపోయిన కుర్రవాడు గుస్తావేతే, ఈ ముగ్గురూ ఆరగోన్ యుద్ధరంగంలో రిపబ్లిక్ సైనికులకు పాటలు, ఆటలు ప్రదర్శించి పొట్టపోసుకునే చిన్న బృందం. వలెన్సియా వెళదామని బయలుదేరి, పొగమంచులో దారితప్పి ఫ్రాంకో సేనల చేతికి చిక్కుతారు. నాటకాల పిచ్చి ఉన్న ఒక ఇటలీ అధికారి, రిపబ్లిక్‌ను వెక్కిరించే ప్రదర్శన ఇస్తే ప్రాణాలు దక్కుతాయంటాడు. ఆ ప్రదర్శన చూడటానికి, రిపబ్లిక్ తరఫున పోరాడి పట్టుబడ్డ, మర్నాడు కాల్చి చంపబోయే పోలండ్ వలంటీర్లను కూడా తెచ్చి కూర్చోబెడతారు. వాళ్లలో ఒకడికి కార్మేలా అంతకుముందే స్పెయిన్ పేరు సరిగ్గా పలకడం నేర్పి ఉంటుంది.

మౌరా కార్మేలాను వీరనారిగా మొదలుపెట్టరు. నెలసరి నొప్పితో విసుక్కునే మనిషిగా, మంచి గుడ్డ కనబడితే చేయి చాచే మనిషిగా, రాజకీయం అంటే ఆవులించే మనిషిగా మొదలుపెడతారు. పౌలీనో పాత్రధారి ఆంద్రేస్ పఖారెస్ భయాన్ని నవ్వుగా మారుస్తుంటే, ఆమె భయాన్ని చిరాకుగా మారుస్తారు. ప్రదర్శన జరుగుతున్నంతసేపూ ఆ చిరాకు అంగుళం అంగుళం పెరుగుతుంది. ఒంటికి రిపబ్లిక్ జెండా చుట్టుకుని అపహాస్యపు వేషం వేయాల్సిన ఘట్టంలో, ఎదురుగా కూర్చున్న ఆ ఖైదీలను చూసి ఆమె ఆ వేషాన్ని కొనసాగించలేకపోతుంది. ఖైదీలు పాట ఎత్తుకుంటారు, ఆమె గొంతు కలుపుతుంది, ఒక అధికారి లేచి ఆమె నుదుటిమీద కాలుస్తాడు. ఆ క్షణంలో గుస్తావేతేకు మాట వస్తుంది. ఆ ఘట్టంలో మౌరా ముఖంలో ఆవేశం కనబడదు, ఓపిక అయిపోవడం కనబడుతుంది. సిద్ధాంతం తెలియని మనిషి సిద్ధాంతకర్తలు చేయలేని పని ఎలా చేస్తుందో వివరించే గ్రంథాలున్నాయి. నాకు మాత్రం ఆ ఒక్క నటి ముఖం చాలు.

ఆ చిత్రానికి 13 గోయాలు వచ్చాయి, ఉత్తమ నటి పురస్కారం మౌరాదే. యూరోపియన్ ఉత్తమ నటి బహుమతి రెండోసారి వచ్చింది. అదే గోయా పోటీలో అల్మొదోవార్ చిత్రం ‘కట్టేయి నన్ను’ 15 విభాగాల్లో నిలిచి ఒక్కటీ గెలవలేదు. ఇది ఆయనను కించపరచడానికి చెప్పడం లేదు, ఆయన గొప్ప దర్శకుడు. కాని ఆయన నీడ దాటి వెళ్లిన నటి మరుసటి ఏడాదికే ఎక్కడ నిలిచిందో ఆ అంకెలు చెబుతాయి. ఆ అంకెలను మా వ్యాసంలోంచి ఎందుకు కోశారయ్యా అని నా బాధ!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు గనుక పారిస్ రోజులను తొందరగా దాటేస్తాను. ఫ్రెంచి బాగా వచ్చిన మౌరా అక్కడి దర్శకులతో వరసగా పనిచేశారు. ఫిలిప్ లె గే తీసిన ‘ఆరో అంతస్తు ఆడవాళ్లు’ చిత్రంలో, 1960లలో పారిస్ ధనికుల ఇళ్లలో పనిచేయడానికి వలస వెళ్లిన స్పానిష్ పనిమనుషులలో ఒకరిగా నటించి 2012లో ఫ్రాన్సు జాతీయ చిత్ర పురస్కారమైన సేజార్ అందుకున్నారు. గల్ఫ్‌కు పనిమనుషులుగా వెళ్లిన గోదావరి, కడప జిల్లాల ఆడవాళ్ల గురించి తెలిసిన ప్రేక్షకులు ఆ చిత్రాన్ని తప్పక చూడాలి.

2000లో ఆలెక్స్ ద లా ఇగ్లేసియా తీసిన ‘అపార్టుమెంటు సంఘం’ మాత్రం రెండు నిమిషాలు ఆగి చెప్పదగ్గది. ఆమె ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. చనిపోయిన ముసలాయన ఫ్లాటులో 30 కోట్ల పెసెతాలు (అప్పటి స్పెయిన్ డబ్బు) ఆమె కంటబడతాయి. ఆ డబ్బు కోసం ఏళ్లుగా కాపుకాస్తున్న ఇరుగుపొరుగంతా ఆమె వెంటపడతారు. యాభై దాటిన నటి మాడ్రిడ్ మేడల కప్పుల మీద పరుగెత్తి సినిమాను మోయడం ఎన్ని దేశాల్లో సాధ్యమో మీరే ఆలోచించండి. మూడో గోయా, సాన్ సెబాస్తియన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి దీనికే వచ్చాయి.

2006లో ‘వోల్వేర్’ కోసం ఆమె మళ్లీ అల్మొదోవార్ దగ్గరికి వెళ్లారు. ఊరంతా దయ్యమనుకునే తల్లి ఇరేనె పాత్ర ఆమెది. కారు డిక్కీలో దాక్కుని కూతురి ఇంటికి చేరి, మంచం కింద నక్కుతుంది. ‘అయ్, కార్మేలా!’ మూల నాటకంలో కార్మేలా నిజంగానే చచ్చి తిరిగొస్తుంది, సౌరా ఆ అంశాన్ని సినిమాలోంచి తీసేశారు. తిరిగొచ్చే పాత్ర పదహారేళ్ల తర్వాత ఇలా మరో దారిలో ఆమెకు దక్కింది. కేన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతిని ఆ చిత్రంలోని ఆరుగురు నటీమణులకు కలిపి ఇచ్చారు, నాలుగో గోయా సహాయ నటిగా వచ్చింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి సినిమా చేయలేదు. ఆమె మాత్రం ఆగలేదు.

2025లో మొరాకో దర్శకురాలు మరియమ్ తౌజానీ తీసిన ‘కాయే మాలగా’ వెనిస్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. మొరాకోలోని టాంజియర్ నగరంలో ఒంటరిగా బతుకుతున్న డెబ్బై తొమ్మిదేళ్ల స్పానిష్ స్త్రీ, ఆ ఇల్లు అమ్మేయడానికి మాడ్రిడ్ నుంచి వచ్చిన కూతురికి ఎదురుతిరిగే కథ అది. ఆ ఏటితో మౌరాకు ఎనభై నిండాయి. కార్యవర్గానికి నా విన్నపం ఇది: వచ్చే ఏడాది సదస్సుకు ఆ చిత్రాన్ని తెప్పించండి, దానికి ముందురోజు ‘అయ్, కార్మేలా!’ వేయండి. ఆహ్వానపత్రం మాటలు నేను రాసిస్తాను.