చెప్పకండి మాస్టారూ

శ్రోతలకు నమస్కారం.

చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయి నా దగ్గర లెక్కలు నేర్చుకునేది. ఎనిమిదో తరగతి. ఒకరోజు సాయంత్రం త్రిభుజం లెక్క ఒకటి పట్టుకుని ఎంతసేపటికీ ముందుకు కదల్లేదు. గీయడం, చెరపడం, మళ్లీ గీయడం. రబ్బరుతో రుద్ది రుద్ది ఆ చోట కాగితం పలచబడింది, వెనక పేజీలోని అంకెలు మసగ్గా కనిపిస్తున్నాయి. పక్కన కూర్చున్న నాకు ఓపిక చాలలేదు. ఆమె చేతిలోంచి పెన్సిల్ తీసుకుని ఒక లంబం గీసి, నాలుగు లైన్లలో లెక్క తేల్చేశాను. "అర్థమైందా?" అన్నాను. "అయింది మాస్టారూ" అని పుస్తకం మూసేసింది. మర్నాడు అదే రకం లెక్క ఇస్తే పెన్సిల్ ముట్టుకోలేదు. నా వైపు చూస్తూ కూర్చుంది.

అంతసేపూ ఆ లెక్క ఆమెది. నేను పెన్సిల్ అందుకున్నాక నాదైపోయింది.

పిల్లలకి చదువు మీద ఆసక్తి ఎలా కలిగించాలని తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. నాలుగేళ్ల పిల్లని గమనించండి. ఎందుకు, ఎలా, ఇది ఏంటి అని ఊపిరి సలపనివ్వదు. ఆ పిల్లకి ఆసక్తి ఎవరూ అరువివ్వలేదు. మరి పదేళ్లు తిరిగేసరికి అది ఎటు పోయిందన్నది నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న.

దీని మీద 1973లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని నర్సరీ బడిలో చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేసిన తర్వాత ఇచ్చారు. మిగిలినవాళ్లకి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలు గడిచాక ఆ పెన్నుల్నే తరగతిలో ఊరికే పెట్టి ఎవరు ముట్టుకుంటారో చూశారు. సర్టిఫికెట్ ఆశ చూపించిన పిల్లలు, మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. అంతకుముందు ఆటగా ఉన్నది వాళ్లకి పనిగా మారిపోయింది.

అలాగని బహుమతులన్నీ చెడ్డవని నేననను. చెప్పకుండా ఇచ్చిన సర్టిఫికెట్ ఆ పిల్లల ఇష్టాన్ని తగ్గించలేదు. అసలు ఇష్టమే లేని పని మొదలుపెట్టించడానికి చిన్న ఆశ చూపించడం కొన్నిసార్లు పనికొస్తుంది కూడా. ఇష్టంగా చేసే పనికి వెల కట్టినప్పుడే నష్టం. కథల పుస్తకం ముందేసుకుని లోకం మరిచిపోయిన పిల్లాడిని "ఇది పరీక్షలో వస్తుందా?" అని అడుగుతామే, అది కూడా వెల కట్టడమే.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు ఈ లోపలి ఆసక్తి గురించి దశాబ్దాల పాటు పరిశోధించారు. అది నిలవాలంటే మనిషికి మూడు కావాలన్నారు: ఇది నేను ఎంచుకున్న పని అనిపించాలి, చేయగలనన్న నమ్మకం కుదరాలి, నన్ను పట్టించుకునేవాళ్లు ఉన్నారనిపించాలి. మంచి మెంటర్ దొరికితే ఈ మూడూ ఒకేచోట దొరుకుతాయి. కాకపోతే ఒక చిక్కుంది. సాయం ఎక్కువైతే మొదటి రెండూ పోతాయి, తక్కువైతే మూడోది పోతుంది.

ఆ కొలత తెలుసుకోవడానికి నాకు బాగా ఉపయోగపడింది 1976 నాటి ఒక పరిశోధన. డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ చేశారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు చెక్క ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి బిగించి గోపురంలా పేర్చాలి. పక్కన ఒక టీచర్ ఉంటుంది. పిల్లలు తమంతట తాము చేయగలిగినంతా చేయనివ్వాలి. ఆగిపోతే ముందు మాటతో చెప్పాలి, మాట చాలకపోతేనే చేసి చూపించాలి. ఈ రకం సాయానికి వాళ్లు పెట్టిన పేరు ఇల్లు కట్టేవాళ్లు వాడే మాటే: పరంజా. గోడ లేచేదాకా పరంజా ఉండాలి, లేచాక విప్పెయ్యాలి.

తప్పులు దిద్దడం గురించీ ఒక మాట చెప్పాలి. 2014లో డేవిడ్ యేగర్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో, ఏడో తరగతి పిల్లల వ్యాసాల్ని టీచర్లు ఎప్పటిలాగే దిద్దారు. కొన్నిటికి మామూలు చీటీ అంటించారు, కొన్నిటికి మాత్రం ఒక ప్రత్యేకమైన చీటీ. 'నీ మీద నాకు పెద్ద అంచనాలున్నాయి, నువ్వు అందుకోగలవని తెలుసు, అందుకే ఇవన్నీ రాస్తున్నాను' అని దాని సారాంశం. తిరగరాయడం పిల్లల ఇష్టానికే వదిలేశారు. మామూలు చీటీ అందుకున్నవాళ్లతో పోలిస్తే ఈ చీటీ అందుకున్నవాళ్లలో ఎక్కువమంది తిరగరాశారు. బడి మీద అంతగా నమ్మకం లేని పిల్లల్లో ఆ మార్పు మరీ బాగా కనిపించింది. ఎర్ర సిరా అదే, తప్పులూ అవే. ఎందుకు దిద్దుతున్నారో తెలిస్తే పిల్లలకి అది చిన్నబుచ్చినట్టు ఉండదు.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. ఆ తర్వాత నేను పెన్సిల్ ముట్టుకోవడం మానేశాను. "ఇందులో నీకు తెలిసినవి ఏంటి?" అని అడిగి ఊరుకునేవాణ్ని. ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం చాలా కష్టంగా ఉండేది. మొదట్లో నాకే టెన్షన్ వచ్చేది. వారాలు పట్టింది. ఒకరోజు ఏదో లెక్క మధ్యలో ఆగి చాలాసేపు అలాగే ఉండిపోయింది. చిన్న సూచన ఇద్దామని నేను ముందుకు వంగాను. తలెత్తకుండానే ఎడమ చేయి చాపి పేజీ మీద కప్పేసింది.

"చెప్పకండి మాస్టారూ, వచ్చేస్తోంది."