చక్రం సైజు చూసి ఎలక్ట్రిక్ సైకిల్ కొనకండి

నమస్కారం. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఉండే మన తెలుగువాళ్లు ఎలక్ట్రిక్ సైకిల్ కొనే ముందు నన్ను అడిగే మొదటి ప్రశ్న "27.5 తీసుకోవాలా, 29 తీసుకోవాలా?" అన్నదే. ఎన్నిసార్లు విన్నా నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ అంకెలు చెప్పేది చక్రం వ్యాసాన్ని, ఫ్రేమ్ సైజును కాదు. చక్రం చూసి బండి కొనడమంటే గుండీ ఎంత పెద్దదో చూసి చొక్కా కొనడమే. నాకూ ఒక దుకాణంలో ఎత్తు మాత్రమే అడిగి 29 అంగుళాల చక్రాల బండి అంటగట్టారు; నెల తిరగకముందే మెడ, అరచేతులు నొప్పులు మొదలయ్యాయి.

(తెరపై: గోడ, పుస్తకం, టేపు)

ఎత్తు ఒక్కటే సరిపోదు. 170 సెంటీమీటర్ల ఎత్తున్న ఇద్దరు స్నేహితులను తీసుకుందాం. ఒకరి కాలి లోపలి కొలత 76, మరొకరిది 82. మొదటివారికి మొండెం పొడవు, రెండోవారికి కాళ్లు పొడవు. ఈ కొలత తీయాలంటే చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి తగులుతుందో అంత గట్టిగా పైకి నొక్కి, దాని పై అంచు గోడను తాకినచోట పెన్సిల్‌తో గీత గీయించి, నేల నుంచి ఆ గీత వరకు కొలవండి. ప్యాంటు పొడవు ఇందుకు పనికిరాదు. దర్జీ వదులు చూసుకొని కొలుస్తాడు, పైగా అతని టేపు నేల దాకా వెళ్లదు.

ఇప్పుడు స్టాండోవర్ ఎత్తు, అంటే బండికి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడినప్పుడు మీ కింద ఉండే పై గొట్టానికీ నేలకూ మధ్య దూరం. ఎలక్ట్రిక్ సైకిల్‌కు దీన్ని మామూలు సైకిల్ కంటే కచ్చితంగా చూడాలని నేను గట్టిగా చెబుతాను. మామూలు సైకిల్ 14 కిలోలుంటే, మోటారు, బ్యాటరీ చేరినది 20 నుంచి 25 కిలోల దాకా ఉంటుంది. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగి కాలు దించినప్పుడు, అక్కడే ఒక గుంత ఉందనుకోండి. తేలికపాటి సైకిల్ పక్కకు ఒరిగినా తుంటితో ఆపుకోవచ్చు, 24 కిలోల బండి మాత్రం మీ మీదికే వస్తుంది. అందుకే కాలి లోపలి కొలతకూ, పై గొట్టానికీ మధ్య కనీసం నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలన్నది నా అభిప్రాయం.

సీటు ఎత్తు గురించి ఎక్కువ ఆందోళన అక్కర్లేదు. కాలి కొలతను 0.883తో హెచ్చిస్తే, పెడల్ ఇరుసు (రెండు పెడల్ కడ్డీలు కలిసి ఫ్రేమ్‌లో తిరిగే చోటు) మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం సుమారుగా వస్తుంది. మన మొదటి స్నేహితుడికి 67, రెండోవారికి 72 సెంటీమీటర్లు. నగరంలో తరచూ ఆగుతాం కాబట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు దించుకోవచ్చు. సీటు ఎత్తు ప్యాంటు అంచులాంటిది, కుట్టు విప్పి దించవచ్చు, మడిచి ఎత్తవచ్చు. సీటు కడ్డీ మీద ఉండే హద్దు గీత బయటకు కనబడేంత పైకి మాత్రం లాగకండి.

చొక్కా భుజాల దగ్గర బిగుతైతే మాత్రం దర్జీ కూడా ఏమీ చేయలేడు. ఫ్రేమ్‌లో ఆ భుజాలే రీచ్, అంటే పెడల్ ఇరుసు మీదుగా నిలువుగా గీసిన గీత నుంచి హ్యాండిల్ గొట్టం పైకొస వరకు ముందుకున్న దూరం. అది మీకు ఎక్కువైతే చేతులు చాచి, నడుము వంచి, బరువంతా అరచేతుల మీద మోపుతారు. నాకు జరిగింది ఇదే. హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే చిన్న ముక్క, అంటే స్టెమ్, మార్చితే ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దుకుంటుంది, అంతకు మించి కాదు. సీటును ముందుకు జరిపి సరిపెట్టమని కొందరు చెబుతారు. దయచేసి వినకండి, అలా చేస్తే మోకాలు పెడల్ కంటే ముందుకు వెళ్లి చేతుల నొప్పి మోకాళ్లకు చేరుతుంది. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ లార్జ్‌తో సమానం కావచ్చు, కాబట్టి S, M, L అనే అక్షరాలు వదిలి కొలతల పట్టికలో రీచ్, స్టాండోవర్ అంకెలను పోల్చండి.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను. చీర కట్టుకునేవారు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు పై గొట్టం కిందికి వంగి ఉండే స్టెప్ త్రూ ఫ్రేమ్ తీసుకోండి. ఇంట్లో ఇద్దరు ఒకే బండి తొక్కేటట్లయితే పొట్టివారికి సరిపడే ఫ్రేమ్ కొనండి, పొడవువారికి సీటు ఎత్తవచ్చు. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే ఈ నగరానికి చిన్నదే మేలు. పెరిగే పిల్లలకు యూనిఫాం కొన్నట్టు రెండేళ్లకు సరిపోతుందని పెద్ద బండి కొనకండి. డబ్బు కట్టే ముందు మోటారు ఆపి ఒకసారి, వేసి ఒకసారి, కాస్త ఎత్తున్న రోడ్డు మీద తొక్కి చూడండి. పది నిమిషాలు తొక్కనివ్వని దుకాణమైతే మరో దుకాణానికి వెళ్లండి.